ఐబీఎస్ అవునో కాదో తేల్చుకోవడం ఎలా: ఇంట్లో డైరీ నుంచి డాక్టర్ నిర్ధారణ దాకా

"టిఫిన్ తినగానే టాయిలెట్‌కి పరుగెత్తాలి." "మూడు రోజులకోసారి మోషన్, అదీ ఎంతో కష్టపడితే." "స్కానింగ్ నార్మల్, ఎండోస్కోపీ నార్మల్, కడుపు మాత్రం ఎప్పుడూ బాగోదు." ఇలా చెప్పి, చివర్లో "ఇది ఐబీఎస్సేనా?" అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. కొందరు ఏళ్ల తరబడి గ్యాస్ బిళ్లలతో నెట్టుకొస్తుంటారు. ఇంకొందరు పరీక్ష మీద పరీక్ష చేయించుకుంటారు. ఫైలు లావెక్కుతుంది గానీ జబ్బు పేరు మాత్రం తెలియదు.

ఈ రెండు దారులూ మంచివి కావు. ఐబీఎస్‌ని పట్టించే ఖరీదైన మిషన్ ఏదీ లేదు. మీరు వివరంగా చెప్పే లక్షణాలు, డాక్టర్ చేత్తో పొట్ట నొక్కి చూసే పరీక్ష, కొన్ని మామూలు టెస్టులు కలిసి దాన్ని తేలుస్తాయి. వీటిలో మొదటిది పూర్తిగా మీ చేతిలోనే ఉంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం డాక్టర్ దగ్గరికి వెళ్లకముందు చేయాల్సిన పని గురించే.

## 1. ముందు ఐబీఎస్ అంటే ఏమిటో స్పష్టం చేసుకోండి

ఐబీఎస్ అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. ఇందులో పేగులో పుండు ఉండదు, గడ్డ ఉండదు, వాపు కనిపించదు. పేగు కదలికలు గాడి తప్పుతాయి. పేగు నరాలు మామూలు ఒత్తిడిని కూడా నొప్పిగా అందుకుంటాయి. పేగుకీ మెదడుకీ మధ్య నిరంతరం సంకేతాలు నడుస్తుంటాయి, తేడా అక్కడ వస్తుంది. కొందరికి ఒకసారి గట్టిగా ఫుడ్ పాయిజనింగో, విరేచనాల ఇన్ఫెక్షనో వచ్చి తగ్గాక ఇది మొదలవుతుంది.

రిపోర్టులు నార్మల్ అంటే నొప్పి అబద్ధమని కాదు. "నీకేం లేదు, అంతా టెన్షన్" అన్న మాట ఇంట్లో విన్నా, ఆస్పత్రిలో విన్నా అది సగం నిజమే. టెన్షన్ లక్షణాలను పెంచుతుంది. జబ్బు మాత్రం ఊహ కాదు.

ప్రపంచమంతా డాక్టర్లు వాడే కొలమానం 2016లో వచ్చిన రోమ్-4 ప్రమాణాలు. తేలిక మాటల్లో అవి ఇవి:

- గత 3 నెలల్లో సగటున వారానికి కనీసం ఒక రోజు కడుపు నొప్పి ఉండాలి.
- ఆ నొప్పితో పాటు ఈ మూడింటిలో కనీసం రెండు ఉండాలి: మోషన్‌కి వెళ్లినప్పుడు నొప్పి తగ్గడమో పెరగడమో, ఎన్నిసార్లు వెళ్తున్నారన్నది మారడం, మలం రూపం మారడం.
- లక్షణాలు మొదలై కనీసం 6 నెలలై ఉండాలి.

ఈ గడువులు ప్రధానంగా పరిశోధనల కోసం పెట్టుకున్నవి. రోజూ రోగుల్ని చూసే డాక్టర్లు కాస్త సడలించుకోవచ్చని ఈ ప్రమాణాలు రూపొందించిన రోమ్ ఫౌండేషనే 2021లో చెప్పింది. వేరే జబ్బు లేదని నమ్మకం కుదిరి, లక్షణాలు రోజువారీ జీవితాన్ని ఇబ్బంది పెడుతుంటే 8 వారాలకే నిర్ధారణకు రావచ్చు. కాబట్టి "ఇంకా ఆరు నెలలు కాలేదు కదా" అని ఇంట్లో కూర్చోవద్దు.

నొప్పి అసలే లేకుండా మలబద్ధకం మాత్రమే ఉన్నా, నీళ్ల విరేచనాలు మాత్రమే ఉన్నా అది ఐబీఎస్ కింద రాకపోవచ్చు. దానికి దారి వేరు, మందులూ కొంత వేరు.

## 2. అన్నిటికంటే ముందు ప్రమాద సూచనలు చూసుకోండి

ఈ అడుగు దాటవేయకండి. కింద ఉన్నవాటిలో ఒక్కటి ఉన్నా ఐబీఎస్ అని మీకు మీరే అనుకోవద్దు. డైరీ రాసేదాకా ఆగొద్దు. ఈ వారంలోనే డాక్టర్‌ని కలవండి.

☐ మలంలో రక్తం, లేదా తారులా నల్లగా జిగటగా ఉన్న మలం
☐ డైటింగ్ చేయకుండానే బరువు తగ్గడం
☐ గాఢ నిద్రలోంచి లేపేసే నొప్పి లేదా విరేచనం
☐ సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి చచ్చిపోవడం
☐ సీబీపీలో హిమోగ్లోబిన్ తక్కువ, ముఖ్యంగా ఐరన్ లోపం
☐ పొట్టలో చేతికి తగిలే గడ్డ
☐ 45 ఏళ్లు దాటాక మొదటిసారి మొదలైన లక్షణాలు
☐ తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్, క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ (ఈ రెండూ పేగు వాపు జబ్బులు) లేదా సీలియాక్ జబ్బు (గోధుమ పడక పేగు దెబ్బతినడం)
☐ 50 దాటిన మహిళలకు కొత్తగా వచ్చి తగ్గని ఉబ్బరం, కొంచెం తినగానే కడుపు నిండిపోవడం

ఇక భరించలేని నొప్పి, ఆగని వాంతులు, గ్యాస్ కూడా పోకుండా పొట్ట బిగుసుకుపోవడం, ఎక్కువ రక్తం పడటం ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

రక్తం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన ఊళ్లలో రక్తం కనబడితే "మొలలే" అని ఎవరికి వారే తేల్చేసుకుంటారు. రోడ్డు పక్కన బోర్డు పెట్టిన చోట ఇంజెక్షన్ చేయించుకుని వచ్చేస్తారు. మొలలు ఉండొచ్చు, కాదనను. కానీ మొలలున్న మనిషికి పైన పేగులో ఇంకో జబ్బు ఉండకూడదని ఏమీ లేదు. ఐబీఎస్ వల్ల రక్తం రాదు. రక్తం ఎక్కడి నుంచి వస్తోందో అర్హత ఉన్న డాక్టర్ చూసి చెప్పాల్సిందే.

సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కలిసి వస్తే మన దేశంలో పేగు టీబీని తప్పకుండా గుర్తు చేసుకోవాలి. టీబీ ఊపిరితిత్తులకే కాదు, చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట కూడా బాగా వస్తుంది. దగ్గు ఉండాలన్న నియమం లేదు.

## 3. రెండు వారాల డైరీ రాయండి

ప్రమాద సూచనలేవీ లేకపోతే ఇది మీ మొదటి పని. డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుని, ఆ తేదీ వచ్చేలోపు రాయండి. ఫోన్‌లో రాసినా, పాత నోట్‌బుక్కులో రాసినా ఒకటే. రోజుకు ఐదు నిమిషాలు చాలు.

ప్రతి రోజూ రాయాల్సినవి:

☐ మోషన్‌కి ఎన్నిసార్లు, ఏ వేళల్లో
☐ ప్రతిసారీ మలం ఏ రకం (కింద చెబుతాను)
☐ నొప్పి ఎక్కడ, ఎంతసేపు, 10కి ఎంత
☐ మోషన్ అయ్యాక నొప్పి తగ్గిందా, పెరిగిందా, అలాగే ఉందా
☐ ఉబ్బరం ఉందా, పొద్దునా సాయంత్రమా
☐ ఇంకా ఏదో మిగిలినట్టు అనిపించిందా, ఆపుకోలేనంత తొందర వచ్చిందా, జిగురు పడిందా
☐ ఏం తిన్నారు, ఏం తాగారు (పాలు, టీ, కాఫీలతో సహా)
☐ ఏ మందులు వేసుకున్నారు
☐ నిద్ర, ఆ రోజు టెన్షన్, మహిళలైతే నెలసరి తేదీలు

మలం రూపానికి బ్రిస్టల్ చార్ట్ అని ఒకటుంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో తయారైంది కాబట్టి ఆ పేరు. ఏడు రకాలు:

1. మేక పెంటికల్లా విడివిడిగా, గట్టిగా
2. పొడవుగా ఉన్నా గట్టి ఉండలు అతుక్కున్నట్టు
3. పొడవుగా, పైన పగుళ్లతో
4. పొడవుగా, నున్నగా, మెత్తగా
5. అంచులు తెగినట్టున్న మెత్తని ముక్కలు
6. పలచని ముద్దలా
7. గట్టి భాగమే లేకుండా నీళ్లలా

3, 4 మామూలు. 1, 2 మలబద్ధకం వైపు. 6, 7 విరేచనాల వైపు. డైరీలో "మంచిగా లేదు" అని రాయకుండా అంకె వేయండి. తేడాగా ఉన్న రోజుల్లో పావు వంతుకు మించి 1, 2 పడుతూ 6, 7 తక్కువగా ఉంటే అది మలబద్ధకం రకం ఐబీఎస్. దానికి తలకిందులుగా ఉంటే విరేచనాల రకం. రెండూ పావు వంతు దాటితే కలగలుపు రకం. మందు ఎంచుకునేది ఈ లెక్క మీదే. విరేచనాల బిళ్లలు గానీ మలబద్ధకం మందు గానీ వేసుకున్న రోజుల్లో ఈ లెక్క తప్పుతుంది కాబట్టి ఆ రోజుల్ని గుర్తుపెట్టి రాయండి.

ఈ రెండు వారాల్లో కొత్త డైట్ మొదలుపెట్టకండి. గోధుమ మానకండి, పాలు మానకండి, ఉపవాసాలు పెట్టుకోకండి. మీరు మామూలుగా ఎలా తింటారో అలా తింటేనే డైరీకి విలువ.

## 4. మీ బాధకు సరైన మాట వెతుక్కోండి

అసలు చిక్కు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. మనవాళ్లు డాక్టర్ ముందు కూర్చుని "గ్యాస్ అండీ" అంటారు. గ్యాస్ అన్న ఒక్క మాటలో ఛాతీ మంట, తేన్పులు, పైపొట్ట నొప్పి, కిందిపొట్ట ఉబ్బరం, అపానవాయువు, ఒక్కోసారి గుండె నొప్పి కూడా దాక్కుంటాయి. రద్దీ ఓపీలో ఆ మాట వినగానే పాంటాప్రజోల్ రాసి పంపించేస్తారు. అది యాసిడ్ తగ్గించే మందు. కిందిపొట్టలో పేగు పట్టేస్తుంటే దానికి చేసేది ఏమీ లేదు.

ఇంకొకటి. ఐబీఎస్‌కి కడుపు నొప్పి ముఖ్య లక్షణం. "నొప్పి ఉందా?" అని డాక్టర్ అడిగితే "నొప్పి లేదండీ, పట్టేసినట్టు ఉంటుంది" అంటాం. పట్టేయడం, మెలిపెట్టడం, తిప్పడం, లాగడం, బిగుసుకోవడం ఇవన్నీ డాక్టర్ లెక్కలో నొప్పి కిందకో, నొప్పికి దగ్గరి బాధ కిందకో వస్తాయి. లేదు అని కొట్టిపారేయకుండా మీ మాటల్లోనే వర్ణించండి. ఆసియా దేశాల వాళ్లలో నొప్పి కంటే ఉబ్బరమే ఎక్కువగా చెప్పుకునేవాళ్లు చాలామంది అని ఇక్కడి డాక్టర్లకు తెలుసు. కానీ ఆ ఉబ్బరం ఎక్కడో, ఎప్పుడో మీరు చెప్పాలి.

సిగ్గు మాట కూడా చెప్పుకోవాలి. "లూజ్ మోషన్స్" అంటాం గానీ పరుగెత్తాల్సి రావడం, బట్టలు పాడవడం, బస్సు ఎక్కాలంటే భయం, పెళ్లిళ్లకు వెళ్లడం మానేయడం చెప్పం. కోడలు అత్తగారి ఎదుట చెప్పలేదు, అబ్బాయి నాన్న పక్కన కూర్చుంటే చెప్పలేడు. తోడు వచ్చినవాళ్లని కాసేపు బయట కూర్చోమని అడగండి. డాక్టర్‌కి ఇది రోజూ వినే విషయమే.

## 5. మందుల వల్ల కాదని చూసుకోండి

డాక్టర్‌కి చూపించడానికి మీరు వేసుకునే ప్రతి మందూ ఒక కాగితం మీద రాయండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, చూర్ణాలు, కషాయాలు, ప్రొటీన్ పౌడర్లు కూడా అందులో ఉండాలి. పేగును కదిలించే మామూలు మందులు ఇవి:

- షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్: విరేచనాలు, ఉబ్బరం
- మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ సిరప్‌లు: విరేచనాలు
- ఐరన్, కాల్షియం బిళ్లలు: మలబద్ధకం (ఐరన్ వల్ల మలం నల్లగా కూడా వస్తుంది, డాక్టర్‌కి చెప్పండి)
- ట్రమడాల్ లాంటి నొప్పి బిళ్లలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు, వెరాపమిల్ లాంటి కొన్ని బీపీ మందులు: మలబద్ధకం
- సునాముఖి కలిసిన చూర్ణాలు: విరేచనాలు, కడుపులో మెలిపెట్టడం
- షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్, మిఠాయిల్లో వాడే సార్బిటాల్: ఉబ్బరం, విరేచనాలు

మీకు మీరుగా ఏదీ ఆపకండి, షుగర్, బీపీ మందులు అసలే ఆపొద్దు. ఏ మందు మొదలుపెట్టాక లక్షణాలు మొదలయ్యాయో తేదీలు కలిపి చూడండి, అంతే.

## 6. డాక్టర్ దగ్గర మొదటి రెండు నిమిషాలు

మొదట ఎండీ జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని కలిస్తే చాలు. ప్రమాద సూచనలుంటే, లేదా మొదటి చికిత్సకు లొంగకపోతే గ్యాస్ట్రో డాక్టర్. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలో, విశాఖలో కేజీహెచ్‌లో గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగాలు ఉన్నాయి. ప్రైవేటు ఖర్చు భరించలేనివాళ్లు అక్కడి ఓపీకి వెళ్లవచ్చు.

ఇలా మొదలుపెట్టండి. మీ వివరాలు ఇందులో పెట్టుకోండి:

"డాక్టర్ గారూ, ఎనిమిది నెలలుగా బొడ్డు కింద ఎడమ పక్కన నొప్పి. వారంలో మూడు రోజులు వస్తుంది. మోషన్ అయితే తగ్గుతుంది. రోజుకు నాలుగైదు సార్లు వెళ్తున్నాను, ఎక్కువగా పొద్దున, తిన్న వెంటనే. పలచని ముద్దలా ఉంటుంది. రక్తం లేదు, బరువు తగ్గలేదు, రాత్రి నిద్రలో లేవను. అంతకుముందు గట్టిగా విరేచనాలు పట్టుకుని సెలైన్ పెట్టించుకున్నాను. ఇదిగో రెండు వారాల డైరీ, ఇది మందుల లిస్టు."

ఇది చెప్పడానికి ఒక్క నిమిషం. అరగంట అటూ ఇటూ తిరిగే మాటల కంటే ఇదే డాక్టర్‌కి ఎక్కువ ఉపయోగం.

డాక్టర్ పొట్ట నొక్కి చూడాలి. మలబద్ధకం, రక్తం, మోషన్ మిగిలిపోయినట్టు ఉండటం లాంటివి చెబితే మలద్వారం దగ్గర వేలితో పరీక్ష కూడా చేయవచ్చు. ఇబ్బందిగా అనిపించినా వద్దనకండి. మహిళలు లేడీ నర్స్‌ని పక్కన ఉండమని అడగవచ్చు. గంటలు గంటలు ముక్కినా రానివాళ్లలో కొందరికి పేగు బాగానే ఉంటుంది, మలద్వారం కండరాలు సమయానికి వదులవ్వవు. అది ఈ పరీక్షలోనే అనుమానం తగులుతుంది. దానికి మందుల కంటే ఆ కండరాలకు ఇచ్చే బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ బాగా పనిచేస్తుంది.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు రెండు మాటలు. ఇండియా వచ్చి వెళ్లాక మొదలైతే ఆ విషయం తప్పకుండా చెప్పండి, అప్పుడు జియార్డియా లాంటి పరాన్నజీవుల కోసం చూస్తారు. "ఇండియన్ ఫుడ్" తిన్నామని కాకుండా అందులో ఏమున్నాయో చెప్పండి: కందిపప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లి, పాలు, గోధుమ.

## 7. పరీక్షలు: ఏవి, ఏ వరుసలో

ప్రమాద సూచనలు లేని మనిషికి సాధారణంగా సరిపోయేవి ఇవి:

1. సీబీపీ: రక్తహీనత, ఇన్ఫెక్షన్ ఆనవాళ్లు
2. సీఆర్‌పీ లేదా ఈఎస్ఆర్: ఒంట్లో వాపు ఉందేమో
3. టీఎస్‌హెచ్: థైరాయిడ్ తక్కువైతే మలబద్ధకం, ఎక్కువైతే విరేచనాలు
4. రక్తంలో షుగర్
5. విరేచనాలు ఉంటే మలపరీక్ష: జియార్డియా, అమీబా లాంటివి
6. విరేచనాలు ఉంటే మలంలో కాల్‌ప్రొటెక్టిన్: ఐబీఎస్‌నీ, క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్‌లనీ వేరు చేయడంలో చాలా ఉపయోగపడే పరీక్ష
7. సీలియాక్ కోసం టీటీజీ-ఐజీఏ, దాంతో పాటు మొత్తం ఐజీఏ

బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు ఇంతకంటే తక్కువ పరీక్షలు చాలంటాయి. థైరాయిడ్, మలంలో పరాన్నజీవుల పరీక్షలు అందరికీ అక్కర్లేదంటాయి. నీటి ద్వారా వచ్చే ఇన్ఫెక్షన్లు ఇక్కడ ఎక్కువ కాబట్టి మన డాక్టర్లు మలపరీక్ష అడగడంలో అర్థం ఉంది.

పరీక్షకు ముందు జాగ్రత్తలు పాటించకపోతే రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది.

మలపరీక్ష: యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే ఇవ్వాలి. మెట్రోనిడజోలో, ఓఫ్లాక్సాసిన్–ఆర్నిడజోల్ బిళ్లో వేసుకుని మూడో రోజు శాంపిల్ ఇస్తే ఉన్న పరాన్నజీవి కూడా కనబడకపోవచ్చు. శాంపిల్ తాజాగా ఉండాలి. మూత్రం, నీళ్లు కలవకూడదు.

కాల్‌ప్రొటెక్టిన్: ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లల వల్ల ఇది పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. 50 లోపు ఉంటే పేగులో వాపు ఉండే అవకాశం చాలా తక్కువ. కొంచెం దాటితే భయపడకండి. నొప్పి బిళ్లలు ఆపవచ్చో లేదో డాక్టర్‌ని అడిగి, కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించాలి. బాగా ఎక్కువగా ఉంటే కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అవసరం.

సీలియాక్: ఈ పరీక్షకు మీరు గోధుమ తింటూ ఉండాలి. కనీసం 6 వారాల పాటు రోజూ ఒకటి కంటే ఎక్కువ పూటలు గోధుమ తిన్నాకే రక్తం ఇవ్వాలి. మన ఇళ్లలో ఇది సులువుగా తప్పుతుంది. రోజంతా అన్నమే తినేవాళ్లు "గోధుమ తింటున్నాం" అనుకుంటారు. ఇడ్లీ రవ్వ బియ్యానిది, లెక్కలోకి రాదు. ఉప్మాకి వాడే బొంబాయి రవ్వ, చపాతీ, పూరీ, బ్రెడ్, మైదాతో చేసే మైసూర్ బజ్జీ లెక్కలోకి వస్తాయి. సీలియాక్ ఉత్తర భారతంలో ఎక్కువ, మన దగ్గర తక్కువ. అయినా రక్తహీనత తగ్గనివాళ్లకు తప్పక చూడాలి.

పాలు పడకపోవడం: దక్షిణాదివాళ్లలో పాలలోని లాక్టోజ్ అరగనివాళ్లు చాలామందే. డైరీ పూర్తయ్యాక, రక్తపరీక్షలు ఇచ్చేశాక, రెండు వారాలు పాలు, పాల టీ, కాఫీ, ఐస్‌క్రీమ్, పాల మిఠాయిలు ఆపి చూడండి. తర్వాత ఒక గ్లాసు పాలు తాగి చూడండి. తేడా స్పష్టంగా ఉంటే డాక్టర్‌కి చెప్పండి. పెరుగు చాలామందికి పడుతుంది, నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. లాక్టోజ్ పడకపోవడం, ఐబీఎస్ రెండూ ఒకే మనిషికి ఉండొచ్చన్నది గుర్తుంచుకోండి.

## 8. కొలనోస్కోపీ ఎవరికి?

ఇక్కడిదాకా చదివి "ఎందుకైనా మంచిది, ఒకసారి కొలనోస్కోపీ చేయించుకుంటా" అనుకునేవాళ్లు ఉంటారు. పాతికేళ్ల మనిషికి, ప్రమాద సూచనలు లేకుండా, రక్తపరీక్షలూ కాల్‌ప్రొటెక్టిన్ బాగుంటే దాని వల్ల కొత్తగా తెలిసేది చాలా తక్కువ. రెండో విభాగంలో ఉన్న సూచనల్లో ఏదైనా ఉంటే మాత్రం భయపడి వాయిదా వేయకండి.

వెళ్లాల్సి వస్తే:

☐ రక్తం పలచబడే మందులు, షుగర్ మందులు, ఐరన్ బిళ్లలు వాడుతుంటే ముందే చెప్పండి
☐ పేగు శుభ్రం చేసే పౌడర్ చెప్పిన కొలత నీళ్లలో కలిపి మొత్తం తాగండి. సగం తాగితే పేగు సరిగ్గా కనబడదు, మళ్లీ చేయాల్సి వస్తుంది
☐ మత్తు ఇస్తారు కాబట్టి తోడు ఉండాలి, ఆ రోజు బండి నడపకూడదు
☐ మీ సమస్య నీళ్ల విరేచనాలైతే, పేగు మామూలుగా కనబడినా ముక్క పరీక్షకు తీయాలా అని ముందే అడగండి. మైక్రోస్కోపిక్ కొలైటిస్ అనేది కంటికి కనబడదు, బయాప్సీలోనే తెలుస్తుంది. వయసు పైబడిన మహిళల్లో ఎక్కువ

## 9. డబ్బు పెట్టనక్కర్లేని పరీక్షలు

రెండు వందల తిండి పదార్థాలకు ఐజీజీ (రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ) చూసి "మీకు ఇవి పడవు" అని లిస్టు ఇచ్చే ప్యాకేజీ వద్దు. ఐజీజీ ఉండటం అంటే ఆ తిండి మీరు తిన్నారని తెలియడమే తప్ప పడదని కాదు. ఆ లిస్టు పట్టుకుని పప్పు, గుడ్డు, టమాటా అన్నీ మానేసి నీరసపడినవాళ్లు ఉన్నారు. మలంలో బ్యాక్టీరియా జాతులు లెక్కబెట్టే ఖరీదైన పరీక్షలు కూడా ఐబీఎస్‌ని తేల్చవు.

స్కానింగ్ గురించి ఒక హెచ్చరిక. అల్ట్రాసౌండ్‌లో ఐబీఎస్ కనబడదు, కానీ ఇంకేదో కనబడుతుంది. ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1, పిత్తాశయంలో చిన్న రాయి లాంటివి చాలామందికి ఉంటాయి. కిందిపొట్ట నొప్పికి, ఉబ్బరానికి ఆ రాయే కారణమని నమ్మి పిత్తాశయం తీయించుకుంటే నొప్పి అలాగే ఉండిపోతుంది. పైగా ఆపరేషన్ తర్వాత పిత్తరసం వల్ల కొందరికి కొత్తగా విరేచనాలు మొదలవుతాయి. ఆపరేషన్ అన్నప్పుడు "నా నొప్పి ఈ రాయి నొప్పిలా ఉందా?" అని అడగండి, రెండో డాక్టర్ మాట తీసుకోండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే తీరు

అమీబియాసిస్ అని పదే పదే కోర్సులు వాడటం. మలపరీక్ష లేకుండా ఏడాదికి ఎన్నోసార్లు మెట్రోనిడజోల్ వాడేవాళ్లు ఉన్నారు. వాడినప్పుడు నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదలవుతుంటే అది అమీబా కాకపోవచ్చు. తర్వాతి కోర్సుకు ముందు మలపరీక్ష అడగండి.

ఎండోస్కోపీలో గ్యాస్ట్రైటిస్ (జీర్ణాశయం లోపలి పొర వాపు) అని వచ్చిందని ఆగిపోవడం. కొద్దిపాటి గ్యాస్ట్రైటిస్ చాలామందికి ఉంటుంది. మోషన్ తేడాలకు అది కారణం కాదు. యాసిడ్ మందు రెండు నెలలు వాడినా కిందిపొట్ట లక్షణాలు మారకపోతే ఆ విషయమే డాక్టర్‌కి చెప్పండి.

పరీక్షలకు ముందే డైట్ మార్చేయడం. గోధుమ ఇప్పటికే మానేసి, బాగుందనిపిస్తే డాక్టర్‌కి అదే చెప్పండి. మళ్లీ తిని పరీక్ష ఇవ్వాలా వద్దా అన్నది కలిసి నిర్ణయించుకోండి.

నెలసరి సంగతి చెప్పకపోవడం. నెలసరిలో ఐబీఎస్ లక్షణాలు చాలామందికి కాస్త పెరుగుతాయి. కానీ నొప్పి ప్రధానంగా ఆ రోజుల్లోనే వస్తూ, కలయికలో నొప్పి, ఎక్కువ రక్తస్రావం కూడా ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) కావచ్చు. గైనకాలజిస్ట్‌ని కలవాలి.

డాక్టర్లని మార్చడం, ఫైలు దాచడం. "కొత్త డాక్టర్ ఏమంటారో చూద్దాం" అని పాత రిపోర్టులు చూపించరు. అవే పరీక్షలు మళ్లీ రాస్తారు, అదే గ్యాస్ బిళ్ల మళ్లీ మొదలవుతుంది. పాతవి తేదీల వరుసలో పెట్టి ఇవ్వండి.

## 11. "ఐబీఎస్" అని చెప్పాక అడగాల్సినవి

☐ నాది ఏ రకం: మలబద్ధకం, విరేచనాలు, కలగలుపు?
☐ ఏ జబ్బులు లేవని ఏ పరీక్షతో తేలింది?
☐ ఈ మందు దేనికి, ఎన్ని వారాలు వాడి చూడాలి?
☐ పనిచేయకపోతే తర్వాత ఏమిటి?
☐ ఎప్పుడు వెంటనే రావాలి?

ఈ జవాబులు చీటీ మీద రాయించుకోండి. ఉత్త "ఐబీఎస్" అన్న మూడక్షరాలతో బయటికి రావద్దు.

చికిత్స ఇంకో పెద్ద విషయం. ఇక్కడ నిర్ధారణకు ఉపయోగపడే మూడు సంగతులే చెబుతాను. ఇసబ్‌గోల్ రాస్తే ఒక చెంచాతో మొదలుపెట్టి, ఎక్కువ నీళ్లతో, వారాల మీద పెంచండి. మొదటి రోజే మూడు చెంచాలు వేసి "ఉబ్బరం పెరిగింది, పడలేదు" అనేవాళ్లే ఎక్కువ.

రెండోది, అమిట్రిప్టిలిన్ తక్కువ డోసులో రాస్తే నెట్‌లో వెతికి "ఇది డిప్రెషన్ బిళ్ల, నాకు పిచ్చి అనుకున్నారు" అని మానేస్తారు. ఆ డోసులో దాన్ని వాడేది పేగు నరాల నొప్పిని తగ్గించడానికి. 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో 10 నుంచి 30 మిల్లీగ్రాముల డోసు ఐబీఎస్ రోగులకు మేలు చేసింది. మలబద్ధకం, నోరు ఎండటం, మగత రావచ్చు కాబట్టి ఏ రకం ఐబీఎస్ అన్నది ముందు తేలాలి.

మూడోది, ఉల్లి, వెల్లుల్లి, పప్పులు తగ్గించే ఫాడ్‌మ్యాప్ డైట్‌ని మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు రూపొందించారు. అది జీవితాంతం పాటించేది కాదు. 2 నుంచి 6 వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటిగా మళ్లీ తిని చూసుకోవాలి. నిర్ధారణ అయ్యాక, డైటీషియన్ సాయంతో చేయండి.

## 12. మళ్లీ పరీక్షలు ఎప్పుడు?

సరిగ్గా నిర్ధారించిన ఐబీఎస్ తర్వాత వేరే జబ్బుగా తేలడం అరుదు. లక్షణాలు పెరిగాయని, టెన్షన్‌గా ఉందని ఏటా కొలనోస్కోపీ అక్కర్లేదు. అది క్యాన్సర్‌గా మారదు కూడా.

కానీ ఐబీఎస్ ఉన్నవాళ్లకు ఇంకే జబ్బూ రాదని కాదు. రక్తం కనబడితే, బరువు తగ్గితే, రాత్రిళ్లు లేపే విరేచనాలు మొదలైతే, లేదా ఎన్నో ఏళ్లుగా మీకు తెలిసిన నొప్పి తీరు మారిపోతే మళ్లీ వెళ్లాలి. వెళ్లేటప్పుడు "నాకు ఐబీఎస్ ఉంది" అని మొదలుపెట్టకండి. "ఇది కొత్తగా వచ్చింది, ఫలానా తేదీ నుంచి" అని మొదలుపెట్టండి. పాత పేరు ముందు చెబితే కొత్త లక్షణం దాని కింద కలిసిపోయే ప్రమాదం ఉంది. రిపోర్టులన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి ఒకే ఫోల్డర్‌లో ఉంచుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి పెట్టండి.